ఆకలికి మాటతో పనేమిటి? ఒక వాదానికి హవాయి దీవుల నుంచి ఖండన

ఆహార సమస్యల మీద చర్చ జరిగే ప్రతిచోటా ఒక అభిప్రాయం దాదాపు ప్రశ్న లేకుండా చలామణీ అవుతూ ఉంటుంది. ఆకలి తీర్చేవాడు రైతు, ధాన్యాన్ని చేరవేసేది రవాణా వ్యవస్థ, కొరతను లెక్కగట్టేవాడు ఆర్థికవేత్త అనీ, రచయిత, పాత్రికేయుడు, రేడియో వ్యాఖ్యాత, చిత్రనిర్మాత ఈ పనులన్నీ ముగిశాక వాటిని లోకానికి తెలియజెప్పే సహాయకులు మాత్రమేననీ దాని సారాంశం. మాటలతో కడుపు నిండదన్న లోకోక్తిని దానికి తోడు తెస్తారు. దీవుల ప్రస్తావన వచ్చేసరికి ఈ అభిప్రాయం మరింత బిగుసుకుంటుంది: దీవి చిన్నది, చుట్టూ సముద్రం, సాగునేల పరిమితం, అందువల్ల తిండికి ఓడల మీద ఆధారపడటం దాని భౌగోళిక విధి అంటారు, అటువంటి చోట పుట్టి పెరిగిన వ్యక్తి నాగలి పట్టకుండా కలమో కెమెరానో పట్టుకుని ఆహార న్యాయం గురించి మాట్లాడితే అది బాల్యం మీది మమకారమే తప్ప వృత్తి అనిపించుకోదని తేల్చేస్తారు. ఈ వాదంలోని రెండు భాగాలూ తప్పే. పైగా మొదటి తప్పే రెండోదాన్ని నిలబెడుతోంది, ఎందుకంటే కొరత నిజంగా భూగోళం చేసిన పనే అయితే దాని గురించి ప్రశ్నించవలసినవారూ, ప్రశ్నను నలుగురిలోకి తీసుకుపోవలసినవారూ అక్కరలేదన్నది దాని సహజమైన ముగింపు.

ఇక్కడ రెండు మాటలను వేరు చేసి చూడాలి. దేశంలోనో ప్రాంతంలోనో ఉన్న అందరికీ సరిపోయేంత తిండి నిలకడగా అందుబాటులో ఉండటాన్ని ఆహార భద్రత అంటారు. ఆ తిండి ఎక్కడి నుంచి వచ్చినా, ఎవరి లాభానికి వచ్చినా ఆ కొలతకు పట్టింపు లేదు. ఆహార న్యాయం అనే భావన అంతకన్నా ముందుకు వెళ్లి, పంట పండే నేల ఎవరి చేతిలో ఉంది, దానికి పారే నీటిని మళ్లించింది ఎవరు, ఏమి పండించాలన్న నిర్ణయం ఎవరు చేశారు, ఆ నిర్ణయం వల్ల ఎవరి పళ్లెం ఖాళీ అయింది అని అడుగుతుంది. భద్రతను టన్నుల్లో కొలవవచ్చు. న్యాయం విషయంలో మాత్రం జరిగినదాన్ని ముందు బయటపెట్టాలి, అది విధి వల్ల జరగలేదనీ కొందరు మనుషులు తీసుకున్న నిర్ణయాల వల్ల జరిగిందనీ చూపించాలి, ఆ నిర్ణయాన్ని తిరగదోడవచ్చునని నష్టపోయినవారికే ముందుగా నమ్మకం కలిగించాలి. సమాచార ప్రసార వృత్తి, అంటే పత్రికారచన, రేడియో, చలనచిత్రం, ప్రచారోద్యమాల రచన వంటి పనుల సముదాయం, ఆహార న్యాయంలోకి ప్రవేశించేది ఈ చోటనే.

భౌగోళిక విధి అనే వాదాన్ని పరీక్షించడానికి హవాయికి మించిన చోటు దొరకడం కష్టం. హోనలూలూ నుంచి కాలిఫోర్నియా తీరానికి దాదాపు 3,800 కిలోమీటర్ల సముద్రం ఉంది. ఈ దీవులు తినే ఆహారంలో 85 నుంచి 90 శాతం దిగుమతి అవుతోందన్న అంచనాను రాష్ట్ర ప్రభుత్వమే 2012లో తన ఆహార స్వయంసమృద్ధి వ్యూహపత్రంలో పేర్కొన్నది. ఓడలు ఆగితే దుకాణాల అరలు ఎంత త్వరగా ఖాళీ అవుతాయో 1949లో ఓడరేవు కార్మికుల సుదీర్ఘమైన సమ్మె అక్కడి ప్రజలకు తెలియజేసింది. అమెరికా ఓడరేవుల మధ్య సరుకు మోసే ఓడలు ఆ దేశంలోనే తయారై ఉండాలని 1920 నాటి జోన్స్ చట్టం విధించిన నిబంధన రవాణా ఖర్చును పెంచుతోందన్న చర్చ ఇప్పటికీ నడుస్తోంది. ఈ సంగతులన్నీ విన్నవారికి దూరమే అసలు కారణమనిపించడం సహజం. కానీ 1778లో కెప్టెన్ కుక్ ఓడలు అక్కడికి చేరేనాటికి కూడా ఆ దూరం అంతే ఉంది. అప్పటి జనాభా గురించి పండితుల అంచనాలు రెండున్నర లక్షల నుంచి ఎనిమిది లక్షలకు పైదాకా మారుతూ ఉన్నా, అంతమంది బయటి నుంచి ఒక్క గింజ రాకుండానే తిని బతికారన్న విషయంలో వివాదం లేదు.

వాళ్లు బతికిన పద్ధతి తెలుసుకోదగినది. పర్వతశిఖరం నుంచి సముద్రంలోని పగడపు దిబ్బ వరకు, సాధారణంగా ఒక వాగు పారే లోయను అనుసరించి సాగే భూభాగాన్ని హవాయి ప్రజలు అహుపుఆ అని పిలిచేవారు. కొండమీది కలప, లోయలోని పంట, తీరంలోని చేప ఒకే పాలన కింద, ఒకే నీటి ప్రవాహం వెంట ఉండేలా ఆ విభజన జరిగింది. వాగునీటిని కాలువల ద్వారా గట్లు కట్టిన మడుల్లోకి పారించి అందులో కలో పండించేవారు. తెలుగువారు చేమ అని పిలిచే మొక్కే అక్కడి కలో. దాని దుంపను ఉడికించి దంచి నీటితో కలిపి చేసే పోయి వాళ్లకు ప్రధాన ఆహారం. లోయి అనే ఆ మడుల్లో నీరు నిలిచిపోకూడదు, చల్లగా కదులుతూ ఉండాలి, లేకపోతే దుంప కుళ్లిపోతుంది. అందువల్ల ఒక మడిలోంచి మరో మడిలోకి పారిన నీరు చివరికి వాగులోకే తిరిగి చేరేది. వాగు సముద్రంలో కలిసే చోట రాతి గోడలతో కట్టిన చేపల చెరువుల్లోకి ఆ నీరు పోషకాలను మోసుకొచ్చేది. హవాయి పురాణం ప్రకారం పుట్టుకలోనే మరణించిన తొలి బిడ్డను పాతిపెట్టిన చోట మొలిచినదే కలో, ఆ తరువాత పుట్టిన హాలోవా అనే బిడ్డ మనుషులకు మూలపురుషుడు. అంటే పంట ఆ ప్రజలకు పెద్దన్న.

ఈ వ్యవస్థ దానంతట అది కూలిపోలేదు. 1848లో మాహెలే అనే భూవిభజన జరిగి, అంతవరకు ఎవరి సొంతమూ కాని నేల రాజుకూ, నాయకులకూ, ప్రభుత్వానికీ మధ్య పంచబడింది. 1850లో సామాన్యుల కోసం వేరే చట్టం వచ్చినా వారికి దక్కింది మొత్తం నేలలో ఒక శాతానికి లోపే. అదే ఏడాది విదేశీయులకు భూమి కొనే హక్కు వచ్చింది. 1875లో అమెరికాతో కుదిరిన ఒప్పందం హవాయి చక్కెరకు సుంకం లేని మార్కెట్ తెరిచింది, చెరకుతోటలు విస్తరించాయి, ఎండ ఎక్కువగా ఉండి వాన తక్కువగా పడే వైపున వేసిన ఆ తోటలకు నీటికోసం వానపడే వైపు వాగులను సొరంగాలు తవ్వి మళ్లించారు. 1893లో తోటల యజమానులు, వ్యాపారులు కలిసి హవాయి రాణి ప్రభుత్వాన్ని కూలదోయగా 1898లో అమెరికా ఆ దీవులను కలుపుకుంది. నీరు పోయిన లోయల్లో కలో మడులు ఎండిపోయాయి. ఇప్పుడు హోటళ్లతో నిండిన వైకీకీ ప్రాంతం ఒకప్పుడు చేమ మడులు, చేపల చెరువులు, తరువాత వరి పొలాలు ఉన్న చిత్తడి నేల. 1920లలో అలా వై కాలువ తవ్వి దాన్ని ఎండగట్టారు. ఈ చర్యల్లో ప్రతి ఒక్కదానికీ తేదీ ఉంది, సంతకం ఉంది, లబ్ధిదారు ఉన్నాడు. ఇన్ని సంతకాలున్న పరిణామాన్ని భూగోళానికి అంటగట్టడం చరిత్రను దాచడమే.

మాటలకు శక్తి లేదన్న రెండో భాగాన్ని ముందుగా ఖండించింది నిజానికి తోటల యాజమాన్యాలే. జేమ్స్ డోల్ 1901లో స్థాపించిన హవాయియన్ పైనాపిల్ కంపెనీ అనాసపండ్లను పండించి డబ్బాల్లో నింపడంతో ఆగలేదు; అమెరికా ఖండంలోని గృహిణులకు ఆ పండు రుచిని అలవాటు చేయడానికి పత్రికా ప్రకటనల మీద భారీగా ఖర్చు పెట్టింది, 1939లో జార్జియా ఓకీఫ్ వంటి ప్రఖ్యాత చిత్రకారిణిని ప్రకటనల బొమ్మల కోసం దీవులకు రప్పించింది. 1935లో మొదలైన 'హవాయి కాల్స్' రేడియో కార్యక్రమం ఎండగట్టిన అదే వైకీకీ తీరం నుంచి పాటలను, అలల చప్పుడును లోకమంతటికీ వినిపించి పర్యాటకులను ఆహ్వానించింది. నేలను, నీటిని స్వాధీనం చేసుకున్న వ్యవస్థ తన కథను తానే చెప్పుకోవడానికి ఎన్నడూ వెనుకాడలేదు, ఆ కథ కోసం జీతాలిచ్చి నిపుణులను పెట్టుకుంది. మరోవైపు, 1834 నుంచి 1948 వరకు దాదాపు వంద పత్రికలు, సుమారు 1,25,000 పుటలు హవాయి భాషలో వెలువడ్డాయి. వాటిలో రాజకీయాలతో పాటు సాగు, చేపల వేట, వాతావరణం గురించిన స్థానిక జ్ఞానం అచ్చయింది. 1896లో బడుల్లో ఇంగ్లీషును బోధనాభాషగా చేసిన చట్టం వచ్చాక కొద్ది తరాల్లోనే ఆ పుటలను చదవగలిగినవారు అరుదైపోయారు. ఒకవైపు గొంతు పెరుగుతూ ఇంకోవైపు గొంతులు ఆరిపోతుంటే, ఆహార విషయంలో మాటకు పనిలేదనడం తటస్థమైన అభిప్రాయంగా మిగలదు. అది మొదటి వైపునే బలపరుస్తుంది. ఆ పత్రికల పుటలను వేలాది స్వచ్ఛంద కార్యకర్తలతో టైపు చేయించి వెతుక్కునే వీలు కల్పించిన ప్రయత్నం 2011లో మొదలైంది, దాన్ని పొలం పనికి సాటిరాని పనిగా చూసేవారు వాటిలో ఏముందో చూసి ఉండరు.

దీవిలో పెరగడం ఈ వృత్తికి ఏమి ఇస్తుందన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. ఖండాల్లో కారణానికీ ఫలితానికీ మధ్య వందల కిలోమీటర్ల దూరం, అనేక రాష్ట్రాల సరిహద్దులు అడ్డం వస్తాయి. ఒక నగరం తాగిన నీరు ఏ పల్లె పొలం నుంచి వచ్చిందో ఆ నగరంలో పెరిగిన పిల్లకు సాధారణంగా కనబడదు. దీవిలో కొండ, వాగు, మడి, తీరం, రేవు ఒకే చూపులో పడతాయి, వాగు ఎండిన చోటూ ఆ నీరు చేరిన తోటా ఒకే పర్వతానికి రెండు పక్కలా ఉంటాయి. దుకాణంలో ధర పెరిగినప్పుడు దాని వెనుక ఉన్న ఓడ రేవులో కనబడుతుంది. ఇది మమకారం నుంచి పుట్టే భావుకత కన్నా భిన్నమైనది. నిర్ణయాలను వాటి పర్యవసానాలతో కలిపి చూసే అలవాటు ఇది, పరిశోధకులు పటాల మీద కష్టపడి సాధించేదాన్ని రోజువారీ జీవితం నేర్పుతుంది. అయితే దీవిలో పుట్టిన ప్రతివారికీ ఈ చూపు పుట్టుకతోనే వస్తుందన్న పొగడ్తను కూడా తిరస్కరించవలసిందే. అదే వైకీకీని చూస్తూ పెరిగినవారిలో అత్యధికులకు అది హోటళ్ల వీధిగానే తెలుసు. పెంపకం ఇచ్చేది సామగ్రి మాత్రమే, దాన్ని ప్రశ్నగా మార్చడానికి సాధారణంగా ఏదో ఒక నష్టమో సంఘర్షణో కావలసి వస్తుంది.

చిత్రనిర్మాత పుహిపావు జీవితం దీనికి స్పష్టమైన ఉదాహరణ. హవాయి తల్లికీ పాలస్తీనా తండ్రికీ పుట్టి, హిలో పట్టణం పక్కన హవాయి ప్రజల కోసం కేటాయించిన కియౌకహా ప్రాంతంలో ఆయన పెరిగాడు. హోనలూలూ రేవులోని శాండ్ ఐలండ్ మీద చేపలు పట్టుకుని బతికే హవాయి కుటుంబాల మధ్య నివసిస్తుండగా, ఆ చోటును ఉద్యానవనం చేయడానికి ప్రభుత్వం 1980 ఆరంభంలో ఆ నివాసాలను ఖాళీ చేయించింది, ఎదురు నిలిచి అరెస్టయినవారిలో ఆయన ఒకడు. ఆ తొలగింపును చిత్రించిన డాక్యుమెంటరీ తెరమీదికి రావడంతో కెమెరా ఏమి చేయగలదో ఆయనకు అర్థమైంది, జోన్ లాండర్‌తో కలిసి 'భూమి కళ్లు' అనే అర్థం వచ్చే పేరుతో చిత్రనిర్మాణ బృందాన్ని నెలకొల్పాడు. వాళ్లు 1992లో అహుపుఆ, చేపల చెరువులు, చేమ మడుల గురించి ఒక చిత్రం, 1996లో వైయాహోలె వాగుల నీటి దోపిడీ మీద 'స్టోలెన్ వాటర్స్' అనే చిత్రం తీశారు. ఆహార వ్యవస్థలో అధికారం ఎలా పనిచేస్తుందో చెప్పడమే ఆయన వృత్తి అయింది. 2016లో మరణించేదాకా ఆయన దాన్ని వదల్లేదు. చేపలు పట్టే తీరాన్ని పోగొట్టుకున్న మనిషి చేసిన పనిని బాల్యస్మృతుల మమకారం అని కొట్టిపారేయడం అన్యాయం.

వైయాహోలె వ్యవహారాన్ని కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే మాటకూ కడుపుకూ ఉన్న సంబంధం అక్కడ మసకలేకుండా కనబడుతుంది. ఓఆహు దీవిలో వానపడే వైపున్న వైయాహోలె తదితర వాగుల నీటిని పర్వతం కింద సొరంగం గుండా పొడివైపు చెరకుతోటలకు చేర్చే కాలువను 1913 నుంచి 1916 వరకు తవ్వారు. ఆ నీటిమీద ఆధారపడిన ఓఆహు షుగర్ కంపెనీ 1990ల మధ్యలో చెరకు సాగు ఆపేసింది. అప్పుడు నీరు వాగులకు తిరిగి రావాలన్నది వైయాహోలె చేమరైతుల వాదన. పొడివైపు నిర్మాణాలకూ, గోల్ఫ్ మైదానాలకూ, ఇతర సాగుకూ అది కావాలన్నది ఎదుటివారి వాదన. ఈ వివాదం నడుస్తున్న కాలంలోనే ఎవరికీ అవసరంలేని కాలువ నీటిని పొడివైపు లోయల్లోకి ఊరికే వదిలేస్తున్న సంగతి బయటపడింది. నీటి వాటాలను తేల్చే రాష్ట్ర నీటి సంఘం ముందున్న కాగితాల్లో నీరు రోజుకు ఇన్ని మిలియన్ గాలన్లు అనే అంకెగా ఉంటుంది, ఆ అంకె సామాన్యుడిని కదిలించదు. ఒకచోట పారబోస్తున్న నీరు మరోచోట ఎండిన మడికి చెందినదని కళ్లకు కట్టినప్పుడు మాత్రమే అది అన్యాయంగా కనబడుతుంది. 1994 చివర కుదిరిన తాత్కాలిక ఒప్పందంతో కొంత నీరు వాగులకు తిరిగివచ్చింది. 2000లో హవాయి సుప్రీంకోర్టు నీరు ప్రభుత్వం చేతిలో ఉన్న ప్రజల ఉమ్మడి ఆస్తి అనీ, దాన్ని మళ్లించుకోదలచినవారే తమ అవసరాన్ని నిరూపించుకోవాలనీ, హవాయి ప్రజల సంప్రదాయ హక్కులకు అందులో రక్షణ ఉందనీ ప్రకటించింది. న్యాయవాదులు, రైతులు లేకుండా ఆ తీర్పు రాదన్నది నిజమే. కానీ తమ వాగు ఒకప్పుడు నిండుగా పారేదని చెప్పగల వృద్ధుల సాక్ష్యం, దాన్ని విని నమోదు చేసి లోయ దాటించిన వ్యక్తుల శ్రమ లేకపోతే కోర్టు ముందుకు ప్రశ్నే వచ్చేది కాదు.

ఈ మాట హవాయికే పరిమితం అనుకోకూడదు. 1943 బెంగాల్ కరువులో లక్షలాదిగా జనం చనిపోతుంటే ప్రభుత్వం కరువును ప్రకటించకుండా దాటవేసింది. ఆగస్టులో కలకత్తా వీధుల్లోని మృతదేహాల ఛాయాచిత్రాలను 'స్టేట్స్‌మన్' పత్రిక సంపాదకుడు ఇయాన్ స్టీఫెన్స్ అచ్చువేశాకనే లండన్‌లో కదలిక వచ్చింది. స్వేచ్ఛగా రాసే పత్రికలున్న ప్రజాస్వామ్యాల్లో పెద్ద కరువులు రావని అమర్త్య సేన్ చేసిన వాదనకు ఆ అనుభవం ఒక ఆధారం. మాటకూ తిండికీ ఉన్న సంబంధం తెలుగు నేల మీద కూడా రుజువైంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నడిపిన పి.వి. సతీష్ అంతకు ముందు దూరదర్శన్ నిర్మాతగా పనిచేసినవాడు. ఆ సంస్థలోని దళిత మహిళలు చిరుధాన్యాల సాగును, విత్తనాలను కాపాడుకోవడంతో పాటు కెమెరాలు పట్టారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి తెచ్చిన నష్టాన్ని 2003లో చిత్రంగా తీశారు. 2008లో మాచ్‌నూరులో సంఘం రేడియోను మొదలుపెట్టి తమ యాసలోనే తమ పంటల గురించి మాట్లాడారు. విత్తనం కాపాడినవారూ మైకు పట్టినవారూ ఒకరే అయినచోట, మాట వేరు, సాగు వేరు అన్న విభజనకు అర్థం లేకుండా పోతుంది.

మాటకు శక్తి ఉందన్న ఈ వాదాన్ని ఎదిరించేవారు చివరిగా ఒక ప్రశ్న వేస్తారు: ఇన్ని చిత్రాలు, వ్యాసాలు, ప్రసంగాలు వచ్చాక హవాయి దిగుమతుల శాతం ఎంత తగ్గింది? ప్రశ్న న్యాయమైనదే, దాన్ని దాటవేయడం తగదు. శాతం పెద్దగా మారలేదు. కానీ ఆ లెక్క ఒక్కటే చూసేవారు, మార్పు దారిలో ఎదురయ్యే నిర్ణయాలను చూడటం లేదు. 2002లో హవాయి విశ్వవిద్యాలయం మూడు మెరుగుపరచిన చేమ రకాల మీద పేటెంటు, అంటే ఇతరులు అనుమతి లేకుండా సాగుచేయకుండా ఆపే హక్కు, సంపాదించింది; పెద్దన్నగా భావించే మొక్కకు యజమాని ఎలా ఉంటాడని రైతులు, ఉద్యమకారులు బహిరంగంగా నిలదీయగా 2006లో విశ్వవిద్యాలయం ఆ హక్కులను వదులుకుంది. మౌయీ దీవి తూర్పుభాగపు చేమరైతులు 27 వాగుల కోసం 2001లో పిటిషన్ వేశారు. ఆ వాగుల నీటిని మళ్లించుకుంటున్న, దీవుల్లోని చివరి చెరకుతోట 2016లో మూతపడింది. 2018లో నీటి సంఘం పలు వాగులకు ప్రవాహాన్ని పునరుద్ధరిస్తూ నిర్ణయం ప్రకటించింది. 17 ఏళ్లపాటు ఒక పిటిషన్ మరుగున పడిపోకుండా ఉండటానికి న్యాయవాదులతో పాటు ప్రతి విచారణనూ వెంటాడి రాసినవారు, చిత్రించినవారు, ఊరూరా వినిపించినవారు కావలసి వచ్చారు.

2018 చివరలోనే ఆ చివరి చెరకుతోట కంపెనీకి చెందిన సుమారు 41,000 ఎకరాలు మహి పోనో అనే సంస్థ చేతికి వెళ్లాయి. ఆ నేలలో ఏమి పండాలి, దీవివాసుల కోసమా ఎగుమతి కోసమా, తూర్పు మౌయీ వాగుల నుంచి ఎంత నీరు తీసుకోవచ్చు అన్న ప్రశ్నల మీద రాష్ట్ర భూవనరుల బోర్డు ముందూ న్యాయస్థానాల్లోనూ విచారణలు ఆ తరువాత కూడా సాగుతూ వచ్చాయి, ఆ విచారణల కాగితాల్లో నీరు ఇప్పటికీ మిలియన్ గాలన్ల అంకెగానే ఉంది, ఆ అంకెను కియానే, వైలువా లోయల చేమ మడుల భాషలోకి మార్చి చెప్పే పని ఆ దీవిలో పుట్టి పెరిగిన కొత్త తరం మీద పడింది.